బొగ్గుకు రైలు పట్టాలున్నయ్.. బొగ్గు తీసేటోనికి బస్సేది?

లాభాల వాటా పడ్డదంటే గోదావరిఖని ముఖమే మారుతది. లక్ష్మీనగర్ బజార్ల బంగారం దుకాండ్లు కళకళలాడుతయ్, కార్ల కంపెనీలోళ్లు టెంట్లు ఏసుకోని కూసుంటరు. పోయిన 2025 సెప్టెంబర్‌ల సర్కారు ప్రకటించిన లెక్క చూద్దాం. కార్మికుల వాటా లెక్కగట్టేందుకు తీసుకున్న సింగరేణి నికర లాభం 2,360 కోట్లు. అందుల 34 శాతం 41 వేల మంది పర్మినెంట్ కార్మికులకు. తలా సగటున 1,95,610 రూపాయలు. అదే నెల 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఎనుకనే దీపావళి బోనస్ 1,03,000. రెండు నెలల వ్యవధిల ఒక్క ఇంటికి మూడు లక్షలకు దగ్గర పైసలు రావుడు, అప్పుడే కారు ధర తగ్గుడు. ఇగ కొనకుంట ఎవలుంటరు?

కొన్నోళ్లను తప్పు పట్టుడు ఈ రాత పని కాదు. కాని ఆ పైసలు ఎటు పోతున్నయో, ఆ పైసలతోని మనకు అసలు దొరికేదేందో ఒక్కసారి లెక్క చూసుకోవాలె. ఎందుకంటే అదే సెప్టెంబర్ ప్రకటనల ఇంకో లెక్క సుత ఉన్నది. సింగరేణిల పనిచేసే 30 వేల మంది కాంట్రాక్ట్ కార్మికులకు తలా 5,500 రూపాయలు. ఆ 5,500ను యాద్ల పెట్టుకోండ్రి. దానితోని మళ్ల పని పడ్తది.

కారు అంటే ఉత్త సోకు కాదు

ముందుగాల ఒక మాట ఒప్పుకోవాలె. మన దిక్కు కారు కొనుడు అంటే సోకు ఒక్కటే కాదు. ఈ ప్రాంతంల ఒకప్పుడు ఊర్లకు కారు వచ్చిందంటే దొర వచ్చినట్టు, లేకుంటే పెద్ద ఆఫీసరు వచ్చినట్టు. బాయిల దిగి, బొగ్గు మసి కడుక్కోని, సైకిల్ తొక్కుకుంట క్వార్టర్‌కు వచ్చిన తండ్రి కొడుకు ఇయ్యాల సొంత కారు నడుపుకుంట సొంతూరు పోతున్నడంటే అది ఆత్మగౌరవం ముచ్చట. 'ఎందుకు కొన్నవ్‌రా' అని ఎక్కిరిచ్చుడు పట్నంల ఏసీల కూసున్నోళ్లకు సులువు.

అవసరం సుత నిజమే. అర్ధరాత్రి అవ్వకు ఛాతి నొప్పి లేస్తే, ఖనిల చూసి 'కరీంనగర్ తీస్కపోండ్రి' అంటే, అప్పుడు బస్సు కోసం నిలబడే టైం ఉండదు. ఎండాకాలం రామగుండం ఎండ ఎట్లుంటదో రాష్ట్రం మొత్తానికి ఎరుకే. టీవీల ఉష్ణోగ్రతలు చెప్తే మన పేరే ముందల వస్తది. ఇద్దరు పిల్లలను, ముసలోళ్లను పట్టుకోని ఆ ఎండల చౌరస్తాల అర్ధగంట నిలబడుడు అంటే మాటలు కాదు. మంథని దిక్కు, అంతర్గాం దిక్కు లోపలి ఊర్లల్ల పొద్దుగూకినంక బస్సు మీద ఆశ పెట్టుకునేటోళ్లు తక్కువ.

కాబట్టి ఇది కారు మంచిదా, బస్సు మంచిదా అనే పంచాది కాదు. ఎవలకు ఏది, ఎంత ఖర్చుకు, ఏ పనికి అన్నది అసలు ముచ్చట.

కాగితం మీద లెక్క

ఉదాహరణకు ఒక లెక్క వేద్దాం. రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి 7 లక్షలకు కారు రోడ్డు మీదికి వచ్చింది అనుకుందాం. లాభాల వాటాలకెంచి లక్షన్నర కట్టినం. మిగిలిన 5 లక్షల 50 వేలు బ్యాంకు లోను. 9.5 శాతం వడ్డీ, అయిదేండ్లు. నెల కిస్తీ 11,500 దాటుతది. అయిదేండ్లల కట్టేది దగ్గర దగ్గర 6 లక్షల 93 వేలు. అంటే వడ్డీ కిందనే లక్షా 43 వేలు. ఒక ఏడాది లాభాల వాటాల ముప్పావు వంతు వడ్డీకే పోయినట్టు. ఇగ ధర 5 లక్షల నుంచి 10 లక్షల నడుమ ఉన్న కారుకు మన రాష్ట్రంల లైఫ్ ట్యాక్స్ 14 శాతం. అది షోరూంల 'ఆన్ రోడ్' అనే ఒక్క మాట కిందికి పోతది కాబట్టి మన కంటికి కనబడదు.

ఇప్పుడు నడుపుదాం. జ్యోతినగర్ నుంచి ఖని దాటి బాయికి పోయి వచ్చేసరికి రోజుకు 30 కిలోమీటర్లు అనుకుందాం. నెలకు 26 మస్టర్లు. అంటే 780 కిలోమీటర్లు. మన రోడ్ల మీద లీటరుకు 16 వచ్చినా 49 లీటర్లు కావాలె. లీటరు 107 రూపాయల లెక్కన నెలకు 5,200. ఇన్సూరెన్స్, సర్వీసింగ్, టైర్లు, చిల్లర రిపేర్లు కలిపి నెలకు మూడు వేలు ఏసుకోండ్రి. కిస్తీతోని కలిపితే నెలకు 19,700. కిలోమీటరుకు 25 రూపాయలు!

అదే మనిషి బస్సుల పోతే? టికెట్ ఒక దిక్కుకు 30 రూపాయలు అనుకున్నా రోజుకు 60, నెలకు 1,560. బండి మీద పోతే, లీటరుకు 50 కిలోమీటర్ల లెక్కన పెట్రోలు 1,670 రూపాయలు, పైన కొంత రిపేరు ఖర్చు.

ఈ మూడు లెక్కలు పక్కపక్కన పెడితే రెండు ముచ్చట్లు తేలుతయ్. ఒకటి, డ్యూటీకి కారు అన్నది బస్సుకు పన్నెండింతల ఖర్చు. రెండోది ఇంకా ముఖ్యం. మన దగ్గర బస్సుకు అసలు పోటీ కారు కాదు, బండి. బస్సు, బండి ఖర్చు దగ్గర దగ్గర ఒక్కతీరే. టైంకు రాని బస్సు కోసం ఎవలు నిలబడతరు? చేతిల బండి తాళం ఉన్నోడు కిక్ కొట్టి ఎల్లిపోతడు. అట్ల బస్సు ఖాళీ అయితది. ఖాళీగ తిరుగుతుందని ట్రిప్పు తీసేస్తరు. ట్రిప్పు తీసేసిండ్రని ఇంకో పదిమంది బండ్లు కొంటరు. ఈ గిర్రలనే మనం తిరుగుతున్నం.

ఇగ ఆ 5,500 యాద్ల ఉన్నదా? పర్మినెంట్ కార్మికుని కారు నెలరోజుల పెట్రోలు ఎంతో, కాంట్రాక్ట్ కార్మికునికి ఏడాది లాభాల వాటా అంత. ఒకటే బాయి, ఒకటే బొగ్గు, ఒకటే రోడ్డు. ఒకలు కారు అద్దాలు ఎక్కించుకోని పోతరు, ఒకలు టిప్పర్ ఎనుక దుమ్ము మింగుకుంట పోతరు.

నిలబెట్టినా తింటది

కారుతోని ఉన్న అసలు చిక్కు ఏందంటే, నడిపినప్పుడు అగ్గువ అనిపిస్తది, నిలబెట్టినప్పుడే పిరం. హైదరాబాద్ పోయి వచ్చుడు రమారమి 450 కిలోమీటర్లు. రోడ్డు మీద లీటరుకు 18 వచ్చినా 25 లీటర్లు, 2,700 దాంక పెట్రోలు. రాజీవ్ రహదారి మీద బసంత్‌నగర్, రేణికుంట, దుద్దెడ టోల్‌గేట్లు అలగ్. నలుగురు పోతే బస్సు టికెట్ల లెక్కకు దగ్గర్నే వచ్చింది గదా అని మనసుకు సంబురం అయితది. కాని ఆ లెక్కల కిస్తీ లేదు, ఇన్సూరెన్స్ లేదు. ఆ రెండు కలిపితే కారు ఇంటి ముందల కదలకుంట నిలబడ్డా రోజుకు 430 రూపాయలు తింటది. నెలకు 13 వేలు. ఆ పైసలతోని నెలకు నాలుగుసార్లు కిరాయి కారు మాట్లాడుకోని దవాఖానకో, పెండ్లికో దర్జాగ పోయి రావచ్చు.

అందుకే తమ్ముళ్లకు చెప్పేది ఒక్కటే. ఇంట్ల రోజూ నలుగురైదుగురు కలిసి తిరిగే పని ఉంటే, మంచానపడ్డ పెద్దమనిషి ఉంటే, కారు మీదనే బతుకుదెరువు ఉంటే కొనుక్కోండ్రి. ఏడాదిల పది పెండ్లిళ్లకు, రెండుసార్లు వేములవాడకు పోవుడు కోసం అయిదేండ్ల కిస్తీ మెడకు ఏసుకునుడు మాత్రం ఆలోచించాలె. కారుణ్య నియామకంల కొత్తగ కొలువు ఎక్కిన పిల్లలకైతే ఇది ఇంకా గట్టిగ చెప్పాలె. మొదటి జీతానికే కిస్తీ కట్టుడు మొదలైతే, నాగా పడ్డ నెల చేతిల ఏం మిగలది. ఇగ ఏదన్న కంపెనీల కిరాయికి పెడదామని లోను తీసి కారు కొనే నిరుద్యోగులు ఒక్క మాట గుర్తు పెట్టుకోవాలె. టెండర్ రెండేండ్లదైతే లోను అయిదేండ్లది. టెండర్ పోయిన నాడు కిస్తీ పోదు.

బొగ్గుకు ఒక న్యాయం, మనిషికి ఒక న్యాయం

ఇప్పుడు అసలు ముచ్చటకు వద్దాం. ఎన్టీపీసీ రామగుండం ప్లాంటు 2,600 మెగావాట్లది. పక్కనే 1,600 మెగావాట్ల తెలంగాణ ప్రాజెక్టు లేచింది. పాత ప్లాంటు కట్టిన నాడే బొగ్గు తెచ్చేందుకు బాయిల కాడికెంచి ప్లాంటు దాంక సొంత రైలు లైను వేసుకున్నరు. దాన్ని ఎంజీఆర్ అంటరు. పొద్దు లేదు, రాత్రి లేదు. బొగ్గు టైంకు పోవాలె, బాయిలర్ ఆగొద్దు. ఆ లైను వేసేటప్పుడు 'ఇది లాభమా నష్టమా' అని ఎవలన్న అడిగిండ్రా? అడగలే. ఎందుకంటే బొగ్గు అందకుంటే కరెంటు లేదని అందరికీ ఎరుక.

మరి ఆ బొగ్గు తీసే మనిషి అందకుంటే? రెండో షిఫ్ట్ దిగినోడు రాత్రి 11 దాటినంక ఇంటికి ఎట్ల పోతున్నడు? నైట్ షిఫ్ట్‌కు పొయ్యే సెక్యూరిటీ అక్క, దవాఖానల స్వీపర్ అక్క, ప్లాంటుల పనిచేసే కాంట్రాక్ట్ తమ్ముడు ఎట్ల పోతున్నరు? బండి మీద. బొగ్గు టిప్పర్ల నడుమ, కుందన్‌పల్లి బూడిద మోసే లారీల ఎనుక. కండ్లల్ల బూడిద పడుకుంట, గుంతలు తప్పిచ్చుకుంట. ఈ రోడ్ల మీద ఎన్ని ఇండ్ల దీపాలు ఆరిపోయినయో ఏ కాలనీల అడిగినా చెప్తరు.

పేరుకు ఇది కార్పొరేషన్. 2009ల మున్సిపాలిటీని కార్పొరేషన్ చేసిండ్రు. 2011 జనాభా లెక్కలకే రెండు లక్షలు దాటిన పట్నం. సింగరేణి, ఎన్టీపీసీ, 1999ల మూతపడి 2021ల మళ్ల ఉత్పత్తి మొదలుపెట్టిన ఎరువుల ఫ్యాక్టరీ. ఒక దిక్కు రైల్వే స్టేషన్, ఒక దిక్కు ఖని, ఇంకో దిక్కు యైటింక్లయిన్ కాలనీ, అవతల సెంటినరీ కాలనీల జేఎన్టీయూ ఇంజినీరింగ్ కాలేజీ, నడుమ మెడికల్ కాలేజీ. ఇవన్నీ ఒక్క గీత మీద ఉన్నట్టే ఉంటయ్. సిటీ బస్సు నడుపుడుకు ఇంతకంటె సక్కటి ఊరు ఏముంటది? అయినా చౌరస్తాల మనకు ముందుగాల దొరికేది షేర్ ఆటోనే. బసంత్‌నగర్ పాత రన్‌వే పేరు చెప్పి, ఇప్పుడు అంతర్గాం పేరు చెప్పి ఏండ్లకేండ్లు ఎయిర్‌పోర్టు ముచ్చట నడుస్తది. విమానం ఎక్కే సంగతి తర్వాత, రాత్రి 11 గంటల బస్సు సంగతి ఎవలు మాట్లాడాలె?

రైలు మన ఇంటి ముందలనే ఉన్నది

రామగుండం స్టేషన్ కాజీపేట–బల్లార్షా లైను మీద ఉన్నది. ఢిల్లీకి పొయ్యే పెద్ద లైను. భాగ్యనగర్, సింగరేణి, కాగజ్‌నగర్ ఎక్స్‌ప్రెస్‌లు మన పనోళ్లకు, చదువుకునే పిల్లలకు ఎరుకైన బండ్లు. సికింద్రాబాద్ పోవాలంటే జనరల్ టికెట్ వంద రూపాయలకు అటుఇటు. కారుల ఆ వంద రూపాయల పెట్రోలు పెద్దపల్లి అవతలికి సుత తీస్కపోదు. 2024 సెప్టెంబర్‌ల సికింద్రాబాద్–నాగ్‌పూర్ వందేభారత్ సుత మన స్టేషన్‌ల ఆగుడు మొదలైంది. మంచిదే. కాని కాంట్రాక్ట్ కార్మికుడు ఎక్కేది జనరల్ డబ్బా.

కరోనా యేళ ప్యాసింజర్ బండ్లు బంద్ వెట్టి, మళ్ల నడిపినప్పుడు కనీస చార్జి 10 రూపాయల నుంచి 30 చేసిండ్రు. దేశమంతట అట్లనే చేసిండ్రు. మళ్ల 10కి తెచ్చింది 2024 ఫిబ్రవరిల. ఆ నడుమ మూడేండ్లకు పైగా, మంచిర్యాలకో, పెద్దపల్లికో రోజూ పోయి వచ్చే చిన్న మనిషి మూడింతలు కట్టిండు. రైలు అలవాటు తప్పినోళ్లు బండ్లు కొన్నరు. ఒక్కసారి బండి కొన్నోడు మళ్ల స్టేషన్ దిక్కు రాడు.

స్టేషన్‌కు పోవుడు, స్టేషన్ నుంచి వచ్చుడు ఇంకో తిప్పలు. రైలుకు వంద రూపాయలు పెట్టి వచ్చి, రాత్రిపూట స్టేషన్ నుంచి ఖనికి ఆటోకు అంతకంటె ఎక్కువ పెట్టాలంటే ఎవలకు మనసొస్తది? రైలు టైంకు స్టేషన్ బయట బస్సు ఉంటే సగం కార్లు ఇండ్లల్లనే ఉంటయ్.

మహాలక్ష్మి మీద పంచాది

2023 డిసెంబర్ 9 నుంచి మన రాష్ట్రంల ఆడోళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులల్ల టికెట్ లేదు. 2025 జూలై నాటికి 200 కోట్ల జీరో టికెట్లు దాటినయని ఆర్టీసీనే చెప్పింది. సోషల్ మీడియాల మగపిల్లలు దీన్ని ఎక్కిరిస్తరు. 'మేం పైసలిచ్చి నిలబడుతున్నం, వాళ్లు పుక్యానికి కూసుంటున్నరు' అని. తమ్మీ, కోపం నిజమే గాని అది తప్పు దిక్కుకు పోతున్నది. నీ సీటు తీసుకున్నది నీ అక్క కాదు. జనం పెరిగినంత బస్సులు పెంచని లెక్క అది. పత్తి ఏరబోయే అవ్వ, కాలేజీకి పొయ్యే చెల్లె, దవాఖానకు పొయ్యే బాలింత.. వీళ్లు ఇంట్ల కూసోకుంట బయటికి ఎల్లిండ్రంటే అది ఊరికి లాభం. ఢిల్లీ 2019ల, తమిళనాడు 2021ల, కర్ణాటక 2023ల చేసిండ్రు. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రల సుత మొదలైంది. ఇది ఎనుకకు పొయ్యేది కాదు.

కాని సర్కారు సుత ఒక్క చేత్తోని ఇచ్చి ఇంకో చేత్తోని గుంజుకోవద్దు. 2025 జూన్‌ల బస్ పాసుల రేట్లు 20 శాతానికి పైగా పెంచిండ్రు. ఆడోళ్ల టికెట్ భారం చదువుకునే పోరగాని పాసు మీద ఎయ్యొద్దు. ఆటో అన్నలకు ఏటా 12 వేలు ఇస్తమని ఎన్నికలల్ల చెప్పిన మాట ఉన్నది. అది నిలబెట్టుకోవాలె. ఆటో అన్న, బస్సు డ్రైవరన్న, ప్రయాణికుడు.. ముగ్గురినీ కొట్లాటకు పెట్టి పైన కూసున్నోళ్లు సల్లగ ఉండుడు మంచిది కాదు.

ఆర్టీసీ ఎవలది?

నిజాం కాలంల 1932ల 27 బస్సులతోని మొదలైన సంస్థ ఇది. 2011 సకల జనుల సమ్మెల బాయి బందైంది, బస్సు బందైంది. సింగరేణి కార్మికుడు, ఆర్టీసీ కార్మికుడు భుజం భుజం కలిపి నిలబడ్డరు. రాష్ట్రం వచ్చినంక 2019ల అదే ఆర్టీసీ కార్మికులు 52 రోజులు సమ్మె చేసిండ్రు. 48 వేల కుటుంబాలు జీతాలు లేకుంట పండుగలు ఎళ్లదీసినయ్. కొందరు ప్రాణాలు సుత తీసుకున్నరు. సమ్మె అయిపోంగనే కిలోమీటరుకు 20 పైసలు చార్జీ పెంచిండ్రు. అంటే సమ్మె భారం కార్మికుని మీద, పెంచిన చార్జీ భారం జనం మీద. 2025ల 1,000 డ్రైవర్, 743 శ్రామిక్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చిండ్రు. ఊర్లల్ల హెవీ లైసెన్స్ ఉన్న పిల్లలకు మంచి మాట. కరీంనగర్‌కు 2024ల ఎలక్ట్రిక్ బస్సులు వచ్చినయ్. అయితే ఆ బస్సులు ప్రైవేటు కంపెనీయి, ఆర్టీసీ కిలోమీటరుకు ఇంత అని కట్టిస్తది. బస్సు పొగ లేకుంట నడవాలె, మంచిదే. దాని మీద కొలువు సుత కాంట్రాక్ట్ కావొద్దు.

దేశానికి కరెంటు ఇచ్చే రామగుండంకు కరెంటు బస్సు రావుడు న్యాయం కాదా? బొగ్గు మనది, బూడిద మనది, దుమ్ము మనది. బస్సు మాత్రం వేరే ఊరిదా?

పైసలు ఎక్కడియి అంటరా?

పైసలు లేవు అనే మాట ఈ ప్రాంతంల చెల్లదు. 2015ల గనుల చట్టం మార్చి జిల్లా ఖనిజ నిధి, అంటే డీఎంఎఫ్‌టీ, పెట్టిండ్రు. పాత లీజులైతే రాయల్టీల 30 శాతం గనుల కంపెనీ ఆ నిధికి కట్టాలె. గనుల చేత దెబ్బతిన్న ఊర్ల కోసమే ఆ పైసలు. దానికి తోడు కంపెనీల చట్టం ప్రకారం లాభంల 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలె. సిమెంట్ రోడ్డుకు, కమాన్‌కు, హైమాస్ట్ లైటుకు ఖర్చుపెడతరు. బస్సుకు ఎందుకు పెట్టరు?

మనం అడగాల్సినయ్ పెద్దగ ఏం లేవు:

ఒకటి, షిఫ్ట్ బస్సు. మూడు షిఫ్ట్‌ల టైంకు సింగరేణి, ఎన్టీపీసీ, ఎరువుల ఫ్యాక్టరీ కలిసి ఆర్టీసీకి పైసలు కట్టి బస్సులు నడిపియ్యాలె. పర్మినెంట్, కాంట్రాక్ట్ అనే తేడా లేకుంట గేట్ పాస్ ఉన్నోడల్లా ఎక్కాలె.

రెండు, స్టేషన్ బస్సు. రామగుండం స్టేషన్ నుంచి జ్యోతినగర్, ఖని, యైటింక్లయిన్, సెంటినరీ కాలనీ దాంక ఒక్కటే రూటు, రైళ్ల టైంకు కలిపి.

మూడు, టైం బోర్డు. ఏ బస్సు ఎప్పుడు వస్తదో చౌరస్తాల రాసి పెట్టాలె, ఆ మాట మీద నిలబడాలె. జనం బస్సును వదిలింది చార్జీకి కాదు, నమ్మకం లేక.

నాలుగు, బూడిద లారీలకు, టిప్పర్లకు షిఫ్ట్ మారే టైంల రోడ్డు మీద బంద్. ఆ గంటసేపు రోడ్డు మనిషిది కావాలె.

ఇయ్యి అడిగేందుకు లక్షలు ఖర్చు కాదు. మీ ఊరికి పొద్దుగూకినంక ఆఖరి బస్సు ఎన్నింటికో, అది వారంల ఎన్నిసార్లు రాలేదో ఒక నెలరోజులు నోట్‌బుక్‌ల రాయండ్రి. తేదీ, టైం, ఎంతమంది నిలబడ్డరు. అంతే. పదిమంది పిల్లలు పది ఊర్లల్ల రాస్తే అది డిపో మేనేజర్ ముందల, కలెక్టర్ ముందల పెట్టే సాక్ష్యం అయితది. గ్రామసభల చదివితే తీర్మానం అయితది. ఉత్త కోపానికి జవాబు ఇయ్యకుంట తప్పిచ్చుకోవచ్చు గాని, తేదీలతోని ఉన్న కాగితానికి జవాబు ఇయ్యక తప్పదు.

మళ్ల సెప్టెంబర్ వస్తది, మళ్ల లాభాల వాటా వస్తది, మళ్ల టెంట్లు లేస్తయ్. కొనుక్కోగలిగినోళ్లు కొనుక్కుంటరు, వాళ్ల ఇష్టం. కాని ఆ వాటాకు కొట్లాడిన యూనియన్లు అదే కాగితం మీద ఇంకో డిమాండు రాయాలె. షిఫ్ట్ దిగిన ప్రతి మనిషి ఇంటికి చేరేటందుకు బస్సు. లాభాల వాటా 41 వేల మందికే వస్తది. బస్సు వస్తే అందరికీ వస్తది.